ఒకే ఇంట్లో ఎన్ని ఛాయలు: యానిమేషన్ సినిమాల్లో లాటినో చర్మం, జుట్టు

కొలంబియా కొండల మధ్య ఓ ఊరు, ఆ ఊళ్లో ఓ మాయ ఇల్లు, ఇంటి నిండా జనం. డిస్నీ 2021లో తీసిన 'ఎన్‌కాంటో' కథ ఇది. అందులోని మాడ్రిగల్ కుటుంబాన్ని ఒక్కసారి వరసగా చూడండి. పెపా తెల్లగా ఉంటుంది, బుగ్గల మీద చిన్న చిన్న మచ్చలు, నారింజ రంగు జడ. ఆమె భర్త ఫెలిక్స్ ఆఫ్రో-కొలంబియన్, అంటే ఆఫ్రికా మూలాలున్న కొలంబియన్, నల్లటి మనిషి. వాళ్ల ముగ్గురు పిల్లల్లో పెద్దమ్మాయి డొలోరెస్‌కి, చిన్నవాడు ఆంటోనియోకి నాన్న రంగు వచ్చింది, మధ్యవాడు కమీలో వాళ్లిద్దరి కన్నా బాగా తెలుపు, కానీ జుట్టు మాత్రం రింగులు రింగులు. పెపాతో పాటు ఒకే కాన్పులో పుట్టిన హూలియెటాది చామనఛాయ. ఆమె కూతుళ్లలో పెద్దది ఇసబెలాకి నడుము దాటే నున్నటి జుట్టు, కథానాయిక మిరాబెల్‌కి భుజాల దగ్గరే ఆగిపోయి పొంగినట్టుండే రింగుల జుట్టు. మేనమామ బ్రూనోకి నెరిసిన పాయలున్న చిక్కు జుట్టు.

వీళ్లందరూ ఒకే అమ్మమ్మ చుట్టూ ఉన్న మనుషులు. సినిమాలో ఎవరూ ఎవరి రంగు గురించీ ఒక్క మాట అనరు. మీ అబ్బాయి నీలా లేడేంటి అని ఎవరూ అడగరు. లాటిన్ అమెరికా వాళ్లని, అక్కడి మూలాలున్న లాటినోలని యానిమేషన్‌లో చూపించడం అప్పటికే పాత విషయం, ఎనభై ఏళ్ల నుంచీ చూపిస్తూనే ఉన్నారు. కానీ ఇన్ని ఛాయల్ని, ఇన్ని రకాల జుట్టుల్ని ఒకే ఇంట్లో పెట్టి, దాన్ని మామూలు విషయంగా వదిలేసిన పెద్ద స్టూడియో సినిమా అంతకుముందు దాదాపు లేదనే చెప్పాలి. ఇది ఎందుకు ఇంత ఆలస్యమైందో చూస్తే చరిత్ర కొంత, సాఫ్ట్‌వేర్ కొంత, అలవాటు చాలా కనిపిస్తాయి.

ముందు చరిత్ర. స్పెయిన్, పోర్చుగల్ నుంచి వచ్చినవాళ్లు, అప్పటికే అక్కడ ఉన్న వందలాది ఆదివాసీ జాతులు, ఆఫ్రికా నుంచి ఓడల్లో బానిసలుగా తెచ్చిన లక్షలాది మంది, ఆ తర్వాత లెబనాన్, సిరియా, చైనా, జపాన్ నుంచి వలస వచ్చినవాళ్లు, వీళ్లందరి కలయికతో ఇప్పటి లాటిన్ అమెరికా తయారైంది. 18వ శతాబ్దంలో మెక్సికోలో కాస్టా చిత్రాలని ఒక రకం బొమ్మలు వేసేవాళ్లు, మామూలుగా పదహారు చిత్రాల వరస. ఒక్కో చిత్రంలో ఒక తండ్రి, ఒక తల్లి, వాళ్లకి పుట్టిన బిడ్డ. ఏ జాతికీ ఏ జాతికీ పుడితే ఆ బిడ్డని ఏమని పిలవాలో కింద రాసి ఉంటుంది. స్పానిష్ రక్తం ఎక్కువున్నవాళ్లు వరసలో ముందు, మంచి బట్టలతో. ఆఫ్రికా, ఆదివాసీ రక్తం ఎక్కువున్నవాళ్లు వెనక్కి పోతూ, పేదగా. అంటే ఒకే కుటుంబంలో రకరకాల రంగుల్ని పక్కపక్కన గీయడం అక్కడ మూడు వందల ఏళ్ల కిందటే ఉంది, కాకపోతే ఎవరు ఎక్కువ ఎవరు తక్కువ అని తేల్చడానికి.

ఆ లెక్క ఇంకా పోలేదు. ఎడ్వర్డ్ టెల్లెస్ అనే సామాజిక శాస్త్రవేత్త నేతృత్వంలో మెక్సికో, కొలంబియా, బ్రెజిల్, పెరూ దేశాల్లో పెద్ద సర్వే ఒకటి జరిగింది, 2014లో పుస్తకంగా వచ్చింది. సర్వే చేసేవాళ్ల చేతిలో పదకొండు ఛాయలున్న ఒక రంగుల పట్టీ ఉండేది, ఎదుటి మనిషి మొహం దానిలో ఏ ఛాయకి దగ్గరగా ఉందో నమోదు చేసుకునేవాళ్లు. రంగు ముదిరే కొద్దీ చదువు, ఉద్యోగ స్థాయి తగ్గుతూ పోవడం కనిపించింది. మెక్సికో ప్రభుత్వ గణాంక సంస్థ కూడా ఇదే పట్టీతో చేసిన సర్వేని 2017లో బయటపెడితే అదే తేలింది. అమెరికాలో ప్యూ రీసెర్చ్ సెంటర్ 2021లో లాటినోలనే అడిగింది: నల్లటి చర్మం ఉంటే జీవితంలో పైకి రావడం కష్టమా? 62 శాతం అవునన్నారు. అక్కడి లాటినో వయోజనుల్లో దాదాపు 12 శాతం, అంటే అరవై లక్షల మంది వరకు ఆఫ్రికా మూలాలున్నవాళ్లని కూడా అదే సంస్థ చెప్పింది. కొలంబియా 2005 జనాభా లెక్కల్లో ఆఫ్రో-కొలంబియన్లు పది శాతం పైనే. మెక్సికోలో ఆఫ్రికా మూలాలున్నవాళ్లు ఉన్నారని పూర్తి జనాభా లెక్కల్లో లెక్కపెట్టిందే 2020లో. ఇరవై అయిదు లక్షల మందికి పైగా తేలారు. జుట్టు సంగతీ అంతే. రింగులు బిగిసే కొద్దీ అది చెడ్డ జుట్టు, నున్నగా ఉంటే మంచి జుట్టు అనే మాట డొమినికన్ రిపబ్లిక్ నుంచి కొలంబియా తీరం దాకా ఇళ్లలో ఇప్పటికీ వినిపిస్తుంది.

మరి తెర మీద? చాలా కాలం చర్మం చూపించే అవసరమే రానివ్వలేదు. 1941లో అమెరికా ప్రభుత్వ ప్రోత్సాహంతో వాల్ట్ డిస్నీ తన చిత్రకారుల్ని వెంటబెట్టుకుని దక్షిణ అమెరికా తిరిగి వచ్చాడు, దాని ఫలితంగా 1942లో ఒకటి, 1944లో ఇంకొకటి సినిమాలు వచ్చాయి. వాటిలో బ్రెజిల్‌కి ప్రతినిధి ఒక చిలుక, మెక్సికోకి ఒక కోడిపుంజు. ఆ తర్వాత దశాబ్దాల పాటు స్పానిష్ యాసతో మాట్లాడే కార్టూన్ పాత్ర అంటే చివావా కుక్కో, ఎలుకో, పిల్లో. 2011లో బ్రెజిల్ దర్శకుడే తీసిన 'రియో'లో కూడా హీరో నీలం మకావ్. 2021లో సోనీ తీసిన 'వివో' పేరు పెట్టుకున్నదే కింకజూ అనే చిన్న జంతువు మీద, నయమేమిటంటే అందులో గాబీ అనే అమ్మాయి ఉంది, మంచి పాత్ర. 2014లో హోర్హే గుటియెర్రెజ్ తీసిన 'ద బుక్ ఆఫ్ లైఫ్'లో పాత్రలన్నీ చెక్క బొమ్మలు. ఈ సినిమాలు చెడ్డవని కాదు, గుటియెర్రెజ్ సినిమా అయితే కళ్లు తిప్పుకోలేనంత అందంగా ఉంటుంది. కానీ అన్నీ కలిపి చూస్తే ఈకలు, బొచ్చు, చెక్క, ఎముక. మనిషి చర్మం మాత్రం వాయిదా పడుతూ వచ్చింది.

మనిషిని చూపించినప్పుడు ఒక నమూనా స్థిరపడింది. లేత గోధుమ రంగు, నల్లటి నున్నటి జుట్టు, పెద్ద గోధుమ కళ్లు. టీవీలో 2000లో మొదలైన డోరా దాదాపు ఈ అచ్చులోదే. ఈ మధ్యస్థపు రంగు వల్ల స్టూడియోకి ఓ సౌకర్యం ఉంది: చూడగానే లాటినా, అంటే లాటినో అమ్మాయి అని తెలుస్తుంది, ఎవరికీ మరీ నల్లగా అనిపించదు. సరిగ్గా దీనికి ఇవతలి అంచున 2012లో డిస్నీ చిక్కుకుంది. సోఫియా అనే చిన్న రాకుమారి సీరీస్ రాబోతుండగా, ఆ అమ్మాయి తల్లి లాటినా అని నిర్మాతల్లో ఒకరు విలేకరులతో అన్నారు. సోఫియా చూస్తే తెల్లటి చర్మం, నీలి కళ్లు, ఎర్రటి ఛాయ ఉన్న జుట్టు. లాటినోల్లో అలాంటివాళ్లు లేరా అంటే బోలెడుమంది ఉన్నారు. గొడవ అది కాదు. ఇన్నేళ్లకి వచ్చిన మొట్టమొదటి లాటినా రాకుమారి ఈమేనా, చూసి గుర్తుపట్టలేని మనిషిని పెట్టి లెక్క సరిపోయిందంటారా అన్నది గొడవ. చివరికి స్టూడియో వెనక్కి తగ్గి, అది కల్పిత ప్రపంచం, ఆమె మిశ్రమ సంతతి అని సర్దిచెప్పింది. 2016లో వచ్చిన ఎలీనా సీరీస్‌లో రాకుమారి చామనఛాయలోకి వచ్చింది, అక్కడికి అదో మెట్టు.

'కోకో' గురించి కాస్త ఎక్కువ చెప్పుకోవాలి, ఎందుకంటే డిస్నీ కిందే ఉన్న పిక్సార్ స్టూడియో నుంచి 2017లో వచ్చిన ఈ సినిమా చాలా సరిగ్గా చేసింది, చేసినవాటిలోనే దాని హద్దులు కూడా కనిపిస్తాయి. 2013లో డిస్నీ మెక్సికో వాళ్ల మృతుల పండుగ పేరునే ట్రేడ్‌మార్క్ చేసుకోబోయి తిట్లు తిని విరమించుకుంది. ఆ సమయంలో దాన్ని ఎండగడుతూ కార్టూన్ వేసిన లాలో అల్కరాజ్‌నే తర్వాత సలహాదారుగా పిలిచారు. ఆ మార్పు సినిమాలో కనిపిస్తుంది. మిగెల్ అనే పన్నెండేళ్ల పిల్లాడి చర్మం నిజంగా గోధుమ రంగు, ఎండలో తిరిగే పిల్లాడి రంగు. ముత్తవ్వ మామా కోకో మొహం మీద ముడతలు, వాటి మధ్య చర్మం వదులు, చేతి మీద నరాలు, ఇవన్నీ చూస్తే ఎవరో ప్రేమగా ఒక నిజమైన ముసలామెని గంటల తరబడి గమనించి చేశారని తెలుస్తుంది. కానీ కథలో సింహభాగం మృతుల లోకంలో నడుస్తుంది, అక్కడ అందరూ అస్థిపంజరాలే. మిగెల్ కూడా వేళ్ల దగ్గర్నుంచి నెమ్మదిగా ఎముకగా మారిపోతుంటాడు. బతికున్న రివేరా కుటుంబమంతా దాదాపు ఒకే రంగుల పరిధిలో, నల్లటి జుట్టుతో ఉంటుంది. ఆ కథ జరిగే ఊరు మెక్సికో లోపలి పల్లెల్ని చూసి అల్లినది కాబట్టి అందులో తప్పు పట్టడానికి పెద్దగా ఏమీ లేదు, ఒక ఊరి కథలో దేశం మొత్తాన్ని ఇరికించాలనడం అన్యాయం. ఇబ్బంది ఎక్కడొచ్చిందంటే, పెద్ద స్టూడియో నుంచి లాటినో కథ నాలుగైదేళ్లకొకటి వచ్చేది, అలా వచ్చిన ఒక్కటీ మొత్తం ఖండం బరువు మోయాల్సి వచ్చేది.

ఇక సాంకేతికంలోకి వెళ్దాం. చాలామంది ఇది రంగు ఎంచుకోవడమే కదా, పెట్టెలో ఇంకో గోధుమ రంగు తీసి పూస్తే సరిపోదా అనుకుంటారు. చేత్తో గీసే రోజుల్లో కొంతవరకు నిజమే. కంప్యూటర్ యానిమేషన్‌లో చర్మం పూత కాదు, కాంతి. మన చర్మం మీద పడ్డ వెలుగులో కొంత పైనుంచే తిరిగి వచ్చేస్తుంది, మిగతాది లోపలికి దూరి, అటూ ఇటూ చెదిరి, ఇంకో చోట నుంచి బయటికొస్తుంది. టార్చిలైటు అరచేతి వెనక పెడితే వేళ్లు ఎర్రగా కనిపించడం ఇదే. ఈ చెదరడాన్ని లెక్కగట్టే పద్ధతిని 2001లో హెన్రిక్ వాన్ జెన్సెన్, మరో ముగ్గురు శాస్త్రవేత్తలు ప్రచురించారు, ఆ పనికి తర్వాత సాంకేతిక ఆస్కార్ కూడా వచ్చింది. యానిమేషన్ మనుషులు ప్లాస్టిక్ బొమ్మల్లా కనిపించడం మానేసింది అప్పటి నుంచే.

ఆ పద్ధతి బాగా మెరిసేది పాలిపోయిన చర్మం మీద. చర్మానికి నలుపునిచ్చే మెలనిన్ ఎక్కువున్నచోట వెలుగు లోపలి రక్తనాళాల దాకా పోయి తిరిగి వచ్చే లోపే చాలావరకు పీల్చుకోబడుతుంది, కాబట్టి ఆ లోపలి ఎర్రటి మెరుపు తగ్గి, పైపైన ఉండే నిగారింపు, నుదుటి మీద జిడ్డు మెరుపు, బుగ్గ ఎముక మీద గీతలా పడే వెలుగు, ఇవే మొహానికి ఆకారం ఇస్తాయి. తెల్లటి చర్మానికి చేసిన అమరికనే తీసుకుని రంగు మాత్రం ముదురు చేస్తే మొహం చదునుగా, మట్టి పూసినట్టుగా వస్తుంది. సరే చీకటిగా ఉంది కదా అని వెలుగు పెంచితే బూడిద రంగు తిరుగుతుంది. పైగా నల్లటి చర్మం ఒకే రంగు కాదు: అరచేతులు, అరికాళ్లు లేతగా, వేళ్ల కణుపులు, మోచేతులు ముదురుగా, పెదవుల్లో రెండు మూడు ఛాయలు, ఒకరి చర్మం అడుగున పసుపు ఛాయ, ఇంకొకరికి ఎరుపు. ఇవన్నీ విడివిడిగా పెయింట్ చేయాలి. థియోడోర్ కిమ్ అని ఒకప్పుడు పిక్సార్‌లో పనిచేసి తర్వాత యేల్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ అయినాయన 2020లో ఇదే విషయం గట్టిగా రాశాడు: ఈ రంగంలో మనిషి చర్మం అని పేపర్లలో రాసినదంతా తెల్లవాళ్ల చర్మమే, మనిషి జుట్టు అని రాసినదంతా నున్నటి జుట్టే అని. ఫొటోగ్రఫీలో ఇది అంతకుముందే జరిగింది. రంగుల ఫిల్ము ప్రింట్లు సరిచూసుకోవడానికి కొడక్ ల్యాబులకి పంపిన నమూనా కార్డుల మీద దశాబ్దాల పాటు తెల్లటి అమ్మాయే ఉండేది.

ఇది మారుతుందని చెప్పడానికి లాటినో కథ కాకపోయినా ఒక ఉదాహరణ చెప్పుకోవాలి. 2020 నాటి 'సోల్'కి పిక్సార్ బ్రాడ్‌ఫర్డ్ యంగ్ అనే సినిమాటోగ్రాఫర్ సలహా తీసుకుంది, నల్లటి మొహాల మీద వెలుగు ఎలా పెట్టాలో మామూలు సినిమాల్లో చేసి చూపించిన మనిషి. ఆ సినిమాలో క్షౌరశాల సీను చూడండి, ప్రతి తలకీ వేరే జుట్టు, ప్రతి మొహానికీ వేరే నిగారింపు. దీనికి రెండేళ్ల ముందే 'రాల్ఫ్ బ్రేక్స్ ద ఇంటర్నెట్' ట్రైలర్‌లో నల్లజాతి రాకుమారి టియానా రంగు తేలిపోయి, ముక్కు సన్నబడి కనిపించిందని జనం గొడవ చేస్తే డిస్నీ ఆ పాత్రని మళ్లీ సరిచేసింది. అడిగితే అవుతుంది అన్నది అక్కడ తేలిపోయింది.

జుట్టు ఇంకా మొండిది. ఒక తల మీద లక్ష వెంట్రుకలుంటే లక్షా విడివిడిగా కదిలించరు. కొన్ని వందల దారి వెంట్రుకల్ని మాత్రమే కదిలించి, వాటి మధ్య ఖాళీని కంప్యూటర్‌తో నింపిస్తారు. నున్నటి జుట్టులో పక్కపక్క వెంట్రుకలు ఒకేలా పోతాయి కాబట్టి ఈ ఉపాయం చక్కగా పనిచేస్తుంది. బిగుతైన రింగుల్లో పక్కనున్న వెంట్రుక వేరే దిక్కుకి మెలి తిరుగుతుంది. రెండింటికీ సగటు తీస్తే రింగు చదునైపోయి పీచులా మిగులుతుంది. ఇంకో సంగతి, అలాంటి జుట్టు కిందికి వాలదు, వెంట్రుక మీద వెంట్రుక ఆనుకుని పైకి లేచి నిలబడుతుంది, అంటే ఒకదానికొకటి తగలడాన్ని కూడా లెక్కకట్టాలి. మెరుపు కూడా వేరు: నున్నటి జుట్టు మీద వెలుగు ఒక పట్టీలా పడుతుంది, రింగుల మీద ముక్కలు ముక్కలుగా చెదురుతుంది.

అయితే కష్టం అన్న మాటని ఉన్నదున్నట్టు ఒప్పుకోవడానికి లేదు. 2004లో 'ద ఇన్‌క్రెడిబుల్స్' చేసేటప్పుడు వయొలెట్ అనే అమ్మాయి పొడవాటి నున్నటి జుట్టు కూడా పిక్సార్‌కి చుక్కలు చూపించింది, అయినా వదల్లేదు, చేసి చూపించారు. 2012లో 'బ్రేవ్'కి మెరిడా అనే స్కాట్లండ్ రాకుమారి ఎర్రటి రింగుల జుట్టు కావాలనుకుని పిక్సార్ జుట్టు కదలికని లెక్కగట్టే ప్రోగ్రామునే, ఏకంగా కొత్త సిమ్యులేటరే రాసుకుంది; పదిహేను వందలకి పైగా పాయల్ని చేత్తో మలిచి, వాటి నుంచి లక్షా పదకొండు వేల వెంట్రుకలు పుట్టించారు. 2016లో 'మోవానా' నాయిక తడి జుట్టు కోసం డిస్నీ కూడా అంత కష్టమూ పడింది. కాబట్టి రింగుల జుట్టు చేయడం తెలియక ఆగలేదు. ఎవరి రింగుల కోసం డబ్బూ నెలలూ ఖర్చుపెట్టాలని ముందు అనిపించింది అన్నదే ప్రశ్న, దానికి జవాబు ఆ వరస చూస్తేనే తెలుస్తోంది.

ఈ చిక్కు నుంచి వేరే దారిలో బయటపడిన సినిమా 2018 నాటి 'స్పైడర్‌మ్యాన్: ఇంటు ద స్పైడర్‌వర్స్'. అందులో హీరో మైల్స్ మొరాలెస్ తండ్రి నల్లజాతి అమెరికన్, తల్లి రియో ప్యూర్టో రికన్. ఇక్కడ చర్మాన్ని నిజంలా చేయాలని పట్టుబట్టలేదు, పాత కామిక్ పుస్తకాల అచ్చులాగా చుక్కలు, గీతలు, గులాబీ, ఊదా వెలుగులు వాడారు. ఊదా వెలుగులో కూడా మైల్స్ మైల్స్‌లానే ఉంటాడు, ఎందుకంటే కాంతికి కింద ఉన్న అసలు రంగునీ, మొహం ఆకారాన్నీ, పొట్టిగా కత్తిరించిన ఆ జుట్టు అంచునీ కళాకారులు ఎక్కడా వదులుకోలేదు. 2023 సినిమాలో ఇంకో లోకపు మైల్స్ జడలు అల్లుకుని కనిపిస్తాడు, ఆ ఒక్క మార్పుతోనే అతని జీవితం వేరేదని ప్రేక్షకుడికి తెలిసిపోతుంది. తల్లి వంటింట్లో స్పానిష్ కలిపి మాట్లాడుతుంది, సబ్‌టైటిల్ కోసం ఆగదు. నల్లవాడా లాటినోనా అని ఎంచుకోమని మైల్స్‌ని ఎవరూ అడగరు. ఆఫ్రో-లాటినో పిల్లలకి బయట రోజూ ఎదురయ్యే ప్రశ్న అది.

మళ్లీ 'ఎన్‌కాంటో'కి వద్దాం. ఆ సినిమా ఎలా కుదిరిందో చెప్పాలంటే ఎవరెవరు గదిలో ఉన్నారో చెప్పాలి. దర్శక బృందం 2018లో కొలంబియా తిరిగింది. సంస్కృతి, మొక్కలు, సంగీతం, ఆఫ్రో-కొలంబియన్ జీవితం తెలిసిన సలహాదారుల బృందాన్ని పెట్టుకున్నారు. స్టూడియోలో పనిచేసే లాటినో ఉద్యోగులు ఒక బృందంగా ఏర్పడి మొదటి నుంచీ అభిప్రాయాలు చెప్పారు. కొలంబియాలో జుట్టు అంటే చిన్న విషయం కాదు. బానిసత్వం నుంచి తప్పించుకున్నవాళ్లు కట్టుకున్న పాలెంకే అనే ఊళ్లో, పారిపోయే దారుల పటాల్ని ఆడవాళ్లు తమ జడల అల్లికలో దాచుకునేవాళ్లని తరతరాలుగా చెప్పుకుంటారు. అలాంటి చోట డొలోరెస్ జుట్టుని ఎలా ముడి వేశారు, దాని మీద ఎర్ర రిబ్బను ఎంత ఎత్తున నిలబడింది అన్నదాన్ని వాళ్లు ఊరికే వదలరు, వదల్లేదు.

ఫలితం ఏమిటంటే, సినిమా ఓటీటీలోకి వచ్చిన కొత్తలో పిల్లలు టీవీ ముందు నిలబడి తమలాగే ఉన్న పాత్రని చూసుకుంటున్న ఫొటోలు ప్రపంచమంతా తిరిగాయి, ముఖ్యంగా ఆంటోనియో పక్కన అచ్చు అలాగే ఉన్న ఒక బుడ్డోడిది. దాన్ని చూసి కరిగిపోనివాళ్లు తక్కువ. ఆ ఫొటోలు అంతలా తిరగడంలోనే ఇన్నాళ్లూ లేనిదేమిటో కనిపిస్తుంది, తెల్లపిల్లలు తమలాంటి రాకుమారిని తెర మీద చూసుకుంటే ఎవరూ ఫొటో తీసి పెట్టరు.

మెచ్చుకున్నాక అడగాల్సినవి అడగాలి. ఛాయలన్నీ ఇంట్లో ఉన్నాయి సరే, కథలో ఎవరి వాటా ఎంత? కథ మిరాబెల్‌ది, అక్కల పాటలు ఇసబెలావి, లూయీసావి. డొలోరెస్ పాత్ర అద్భుతంగా ఉంటుంది, గుసగుసగా ఆమె పాడే కొద్ది పంక్తులు అందరికీ కంఠతా వచ్చాయి, కానీ ఆమెకి సొంత పాట లేదు. ఫెలిక్స్ ఈ ఇంటికి అల్లుడు, ఆ ఇంటివాళ్లకి వరంగా వచ్చే మాయ శక్తి అతనిది కాదు. ఆంటోనియోకి ఆ వరం వచ్చే వేడుకతో కథ మొదలవుతుంది, ఆ తర్వాత పక్కకి వెళ్తాడు. అంటే నల్లటి చర్మం ఈ కుటుంబంలోకి పెళ్లి ద్వారా వచ్చింది, కుటుంబపు మూలంలో లేదు. ఇసబెలా సంగతి ఇంకా ఆలోచించదగ్గది. ఇంట్లో అందరూ పరిపూర్ణమైనదని పొగిడే అమ్మాయి జుట్టే పట్టులా జారుతుంది, వరం రాని మిరాబెల్‌ది రింగుల జుట్టు. సినిమా ఈ తేడాని తెలిసే వాడుకుందని అనిపిస్తుంది, ఎందుకంటే ఇసబెలా తన మీదున్న బరువు దించుకున్న పాటలో ఆ నున్నటి జుట్టు మీద రంగులు చిందుతాయి, చెదిరిపోతుంది, ఆమెకి అదే నచ్చుతుంది. అయినా అందగత్తె అనగానే నున్నటి జుట్టే చేతికి రావడం ఎంత పాత అలవాటో కూడా అక్కడే తెలుస్తుంది.

ఈ ప్రశ్నలు గాల్లోంచి రాలేదు. 2021 జూన్‌లోనే, 'ఎన్‌కాంటో' పాటలు రాసిన లిన్-మాన్యుయెల్ మిరాండా నాటకం ఆధారంగా వచ్చిన 'ఇన్ ద హైట్స్' సినిమా మీద ఇదే ఫిర్యాదు వచ్చింది. న్యూయార్క్‌లో డొమినికన్లు నిండిన పేట కథలో ముఖ్య పాత్రల్లో నల్లటి ఆఫ్రో-లాటినోలు ఎందుకు లేరని అడిగారు. ఆయన సాకులు చెప్పకుండా క్షమాపణ అడిగాడు. అది నటులున్న సినిమా, నటుల ఎంపికలో పొరపాటు అనుకోవచ్చు. యానిమేషన్‌లో ఆ సర్దుబాటుకి కూడా చోటు లేదు, ఇక్కడ ప్రతి ఛాయనీ, ప్రతి రింగునీ ఎవరో ఒకరు కూర్చుని నిర్ణయించి, ఇంకొకరు ఆమోదిస్తేనే తెర మీదికి వస్తుంది.

ఇది మనకెందుకు అనే తెలుగువాళ్లు ఉంటే, డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పెరుగుతున్న మన పిల్లల్ని అడగొచ్చు. స్కూల్లో మెక్సికన్ అనుకుని స్పానిష్‌లో పలకరింపులు అందుకున్నవాళ్లు వాళ్లలో దొరుకుతారు, మిగెల్‌లోనో మిరాబెల్‌లోనో తమని చూసుకున్నవాళ్లూ దొరుకుతారు. తోడబుట్టినవాళ్లలో ఒకరిని రంగు అని, ఇంకొకరిని రంగు తక్కువ అని చుట్టాల ముందు పోల్చే ఇళ్లు మన దగ్గర తక్కువేం కాదు కాబట్టి, డొలోరెస్‌నీ కమీలోనీ పక్కపక్కన చూసినప్పుడు ఏం జరుగుతోందో మనకి ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు.

ఇక ముందు పని ఎక్కడుందంటే, పాత్రల రూపకల్పనలోనూ ఉంది, పనిముట్లలోనూ ఉంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాంటా క్రూజ్‌లో పనిచేసే ఎ.ఎం. డార్క్, నల్లవాళ్ల జుట్టు నమూనాల్ని త్రీడీలో ఉచితంగా అందించే లైబ్రరీ ఒకటి తయారు చేసే పనిలో దిగారు, ఎందుకంటే గేముల్లో, సినిమాల్లో ఆఫ్రో జుట్టు కావాలని వెతికితే దొరికేవి చాలావరకు వెక్కిరింపు బొమ్మలే. థియోడోర్ కిమ్ బృందంతో కలిసి డార్క్ 2023లో బిగుతైన రింగుల జుట్టు కోసమే ఒక గణిత పద్ధతి ప్రచురించారు, 2024లో దానికి కొనసాగింపు వచ్చింది. తల దగ్గర విడివిడిగా ఉన్న వెంట్రుకలు పోను పోను ఒకే లయలో మెలిపడి పాయగా మారడం, తిరుగుతున్న రింగు మధ్యలో ఒక్కసారిగా దిశ మార్చుకోవడం లాంటివి, అలాంటి జుట్టు ఉన్నవాళ్లు రోజూ అద్దంలో చూసేవే, ఇప్పటికి సమీకరణాల్లోకి ఎక్కాయి. ఇవి స్టూడియోల సాఫ్ట్‌వేర్‌లోకి చేరాక బడ్జెట్ మీటింగులో రింగుల జుట్టు అనగానే వచ్చే మొదటి అభ్యంతరం పోతుంది. అప్పుడు కూడా డొలోరెస్ లాంటి అమ్మాయి కథకి నాయిక కాలేదంటే, కారణం కంప్యూటర్ అని చెప్పడానికి ఎవరికీ వీలుండదు.